గడియ పడని తలుపు

దుమ్ము నెల, రెండో రోజు

పెద్ద తలుపు రబ్బరు అంచుకి నాచునూనె రాశాను. మామూలు రోజుల్లో ఒక గిన్నె సరిపోతుంది, ఈ నెలలో రెండు పడతాయి. బయట ఎర్ర దుమ్ము లేచే కాలం. అంచులో పిడికెడు దుమ్ము పేరుకుంటే చాలు, ఊరిని కప్పిన గుమ్మటంలోని గాలి బయటికి పోవడం మొదలుపెడుతుంది. గాలి పోతే ఊరే పోతుంది. అంత పెద్ద బాధ్యత గనక దానికి ఒక గుడ్డపీలిక, ఒక గిన్నె, నన్నూ ఇచ్చారు.

నా పేరు బెవర తవిటమ్మ. నాకు ముందు పుట్టిన ఇద్దరూ దక్కకపోతే, మా అమ్మ నన్ను చేటలో తవుడు మీద పడుకోబెట్టి ఈ పేరు పెట్టింది. ఈ గ్రహం మీద తవుడెక్కడిదే అని అడిగాను ఒకసారి. తొట్లలో పండిన చోళ్ళ పొట్టు, రాగులదే, అంది. ఏదైతేనేం, బతికాను.

నా పనిలో రెండో సగం తలుపు మాటలు సరిచూడటం. బయటికి వెళ్ళే ప్రతి మనిషీ తలుపు ముందు నిలబడి ఏదో ఒక మాట చెప్పాలి. తలుపు గొంతు గుర్తుపట్టి, మాట రాసుకుని, అప్పుడు తెరుచుకుంటుంది. తనకి తెలియని మాటల్ని పక్కన పెడుతుంది. సాయంత్రం నేను కూర్చుని ఒక్కొక్కదానికీ అర్థం చెప్పి, నా గొంతుతో ఖాయం చేస్తాను. తెలుగు మాటకి పుట్టుకతో తెలుగు మాట్లాడే గొంతే ఖాయం చెయ్యాలని నిబంధన. ఇవాళ మిగిలినవి మూడు: "ఓలమ్మ", "సాల్సాల్లే", ఒక తుమ్ము. తుమ్ముకి ఏం అర్థం చెప్పను? "బయలుదేరేటప్పుడు ఒంటి తుమ్ము మంచిది కాదు, కాసేపు కూర్చుని వెళ్ళాలి" అన్నాను. తలుపు బుద్ధిగా రాసుకుంది.

దానికి తెలుగు నేర్పినవాళ్ళు ఏవో బాగా పాత పుస్తకాలు పెట్టి నేర్పినట్టున్నారు. బయటినుంచి ఎవరైనా వస్తే "ఎవరు వారు?" అంటుంది. గొంతు గుర్తుపట్టాక "లోనికి దయచేయుడు" అంటుంది. దిగువ వీధిలో మేమంతా దాన్ని తలుపు పంతులు అంటాం.

దుమ్ము నెల, ఐదో రోజు

ఇవాళ కొత్త ఉత్తర్వు అంటించారు. నేనే అంటించాను, జిగురు కూడా నేనే కలిపాను.

"నీలిగోళ్ళవారు ఇకమీదట పెద్ద తలుపు వాడరాదు. సరుకు తలుపు వద్ద చేతి తొడుగులు తీసి, గోళ్ళు అద్దము కింద చూపి, సరుకుతోపాటు రాకపోకలు సాగించవలెను. పాలనాధికారి వెరిక్."

నీలిగోళ్ళవాళ్ళంటే మేమే. మా ముత్తాతల్ని మంచు తవ్వడానికి ఇక్కడికి తెచ్చినప్పుడు, ఈ పలచటి గాలి పడక మనుషులు ఎక్కడివాళ్ళక్కడ కూలిపోయారట. దొరల వైద్యులు ఒక మందు పట్టారు. ఊపిరి నిలిచింది, గోళ్ళు నీలం తిరిగాయి. ఆ నీలం పిల్లలకీ, వాళ్ళ పిల్లలకీ వచ్చింది. మందు వాళ్ళది, రంగు మాది. ఎగువ వీధిలో దొరలుంటారు, వాళ్ళ గోళ్ళు తెల్లగా ఉంటాయి. ఒకే గుమ్మటం, ఒకే గాలి, రెండు వీధులు.

పెద్ద తలుపు గది నాలుగు నిమిషాల్లో గాలితో నిండుతుంది. సరుకు తలుపు గదికి నలభై నిమిషాలు. అందాకా మంచుగడ్డల మధ్య నిలబడాలి. దాని సంగతి నాకు ఇంకొకటి తెలుసు. సరుకు తలుపుకి చెవి లేదు. సరుకు మాట్లాడదు కదా, చెవి పెట్టలేదు. గడియారం చూసుకుని తెరుచుకుంటుంది, గడియారం చూసుకుని మూసుకుంటుంది. ఎవరైనా బయట ఉండిపోయారా అన్నది దానికి అక్కర్లేదు.

సాయంత్రం అమ్మతో చెప్పాను. మా అమ్మ అసిరమ్మ ముప్పై ఏళ్ళుగా మంచు గనిలో పనిచేస్తోంది. అంబలి గిన్నె కింద పెట్టి, తన గోళ్ళు తానే చూసుకుంది.

"ఎద్దు పళ్ళు సూసినట్టు మన గోళ్ళు సూత్తాడా?" అంది.

"ఎద్దుల్ని నువ్వెప్పుడు చూశావే?"

"మా మామ్మ సెప్పింది. నాను రేపు పెద్ద తలుపు కాడ కూకుంటాను."

"కూర్చుని?"

"కూకోడవే. కొట్టను, తిట్టను, లెగను. దొరికి కూడా కబురెట్టు, కూకుంటన్నానని. తెలీకుండా సేసీడానికి మనవేటి దొంగలవా?"

దుమ్ము నెల, ఏడో రోజు

అమ్మతో కలిసి పదిమంది కూర్చున్నారు. నేను నూనె గిన్నెతో వెళ్ళాను. "కాళ్ళు కాస్త తియ్యండి" అంటే పదిమందీ వరసగా కాళ్ళు పైకెత్తారు, కింద అంచు తుడుచుకున్నాక మళ్ళీ దించారు. కాపలావాళ్ళు కూడా నవ్వారు.

నవ్వనివాడు కిల్లాన గవరయ్య మావ. గనిలో అందరికంటే పెద్దవాడు, అమ్మకి వరసకి అన్న. ఇలాంటివి ఆయనకి గిట్టవు. గోళ్ళు శుభ్రంగా తోముకుని మరీ సరుకు తలుపు దగ్గరికి వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ, "గోరు సూపిత్తే అరిగిపోద్దేటే అసిరీ?" అన్నాడు.

"గోరు అరగదురా అన్నా. నువ్వరిగిపోతావు," అంది అమ్మ.

సాయంత్రం గవరయ్య మావకి గనిలో బండి చక్రం ఇరుక్కుంది. పది నిమిషాలు ఆలస్యంగా వచ్చేసరికి సరుకు తలుపు మూసుకుపోయింది. ముసలాయన గంటసేపు బయట దుమ్ములో నిలబడి తలుపు బాదాడు. దానికి చెవి లేదని ఆయనకప్పుడు తెలిసింది. అదృష్టం బాగుండి ఎవరో దొర మంచుగడ్డలు లెక్క తప్పాయని దాన్ని మళ్ళీ తెరిపించాడు. మావ లోపలికొచ్చి తిన్నగా ఇంటికి పోయాడు.

దుమ్ము నెల, తొమ్మిదో రోజు

ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

వెరిక్ దొర పొద్దున్నే వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి, ఈ ఊరికొచ్చి ఎనిమిది నెలలైంది. మెడలో మాటపెట్టె వేసుకుంటాడు. ఆయన తన భాషలో మాట్లాడితే అది తెలుగులో పలుకుతుంది. ఎగువ వీధివాళ్ళని "తమరు" అంటుంది, మమ్మల్ని "నీవు" అంటుంది. అలా అనమని దానికి ఎవరు నేర్పారో గానీ బాగా నేర్పారు.

ఆ పదిమందినీ పాత గనికి పంపేస్తున్నానన్నాడు. పాత గని ఇక్కడికి ఆరు మైళ్ళు. ఎప్పుడో వదిలేసిన గది ఒకటుంది, అందులో పదిమందికి పది రోజులు సరిపడే గాలి ఉంది. ఉత్తర్వుకి ఒప్పుకున్నవాళ్ళు ఆలోపు సరుకు తలుపు దగ్గరికొచ్చి గోళ్ళు చూపించి లోపలికి రావచ్చట. ఒప్పుకోనివాళ్ళ సంగతి ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆ పది రోజులూ దాటితే ఏమవుతుందో అందరికీ లెక్క వచ్చు.

కాపలావాళ్ళు వాళ్ళని సరుకు తలుపు వైపు తీసుకెళ్ళాలని చూశారు. వీళ్ళు లేవలేదు. గాలి చొక్కాలతో సహా ఒక్కొక్కర్ని మోయాలంటే నలుగురు కావాలి. ఇద్దర్ని నాలుగడుగులు మోసేసరికి కాపలావాళ్ళకి చెమటలు పట్టాయి. దొర గడియారం చూసుకున్నాడు.

"ఈ తలుపు నుండియే పంపుడు," అంది ఆయన మెడలోని పెట్టె.

అమ్మ వెంటనే లేచింది. "సూసినావేటే తవిటీ, పెద్ద తలుపే తెరిసినాడు!" అంది, పెళ్ళికి బయలుదేరినట్టు.

తలుపు మీట నా చేతిలో ఉంది. ఒక్కొక్కరే చెవి ముందు నిలబడి ఒక మాట చెప్పి వెళ్ళారు. అమ్మ చివర నిలబడింది. తలుపుతో అందో నాతో అందో తెలియదు.

"ఎల్లొత్తాను."

వెళ్ళిరా అనాలి కదా. ఎవరైనా అంటారు. దొర నా పక్కనే ఉన్నాడని నేను అనలేదు. మీట మాత్రం నొక్కాను. నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

దుమ్ము నెల, పదో రోజు

పెద్ద తలుపుకి గడియ పడటం లేదు.

రోజూ చివరి మనిషి లోపలికి రాగానే ఠక్కున పడుతుంది. నిన్న పడలేదు. తలుపు మూసుకునే ఉంది, గాలి పోవడం లేదు, కానీ పసుపు దీపం వెలుగుతూనే ఉంది. గంటకోసారి గదిలో గాలి నింపుకుని, బయటి దుమ్ములోకి "ఎవరు వారు?" అని పిలుస్తోంది. జవాబు రాకపోతే మళ్ళీ గంట ఆగి పిలుస్తోంది.

అంచు చూశాను, బాగుంది. గడియ తీసి తుడిచాను, బాగుంది. చెవి జల్లెడ మార్చాను. ఏడుపొచ్చే రోజే, కానీ ఏదైనా పనిచెయ్యడం మానేస్తే ఎందుకు మానేసిందో తెలిసేదాకా నాకు తిండి సయించదు. చిన్నప్పుడు మా ఇంటి గాలి యంత్రం విప్పి అమ్మ చేత దెబ్బలు తిన్న రకాన్ని.

మధ్యాహ్నానికి దొరికింది. తలుపు రాసుకున్న పుస్తకంలో నిన్నటి పది పేర్ల పక్కనా ఎల్లొత్తాను అని ఉంది, దాని కింద తలుపు భాషలో అర్థం: "పోయి వచ్చెదను."

అరవై ఏళ్ళ క్రితం దొరల మనుషులే ఎనిమిదిమంది బయట నేల చూడటానికి వెళ్ళారట. దుమ్ము లేచింది. లోపలివాళ్ళు భయపడి గడియ వేశారు. ఎనిమిదిమందీ తలుపు బయటే పోయారు. అప్పుడు మొదటి నియమం పెట్టారు: వస్తానని చెప్పి వెళ్ళినవాడు వచ్చేదాకా, అతడు వెళ్ళిన తలుపుకి గడియ పడరాదు. దాన్ని తలుపు తయారీలోనే పెట్టేశారు. ఏ ఉత్తర్వూ దాని తర్వాతే. మార్చాలంటే తలుపే మార్చాలి, కొత్త తలుపు నౌకలో రావడానికి రెండేళ్ళు పడుతుంది.

పదిమంది వస్తామన్నారు. పంతులు కాచుక్కూర్చున్నాడు.

దుమ్ము నెల, పదకొండో రోజు

ఒక అనుమానం పట్టుకుంది. వాళ్ళు నిజంగా వస్తామనే అన్నారా? ఎల్లొత్తాను అనేది నోటి అలవాటు. పొరుగింట్లో ఉప్పడిగి వెళ్తూ కూడా అంటాం. ఆ మాట అన్న మనిషి నిజంగా తిరిగొస్తాడనడానికి ఆధారం ఏమిటి?

పాత పుస్తకాలన్నీ తెరిచాను. పొద్దున కూర్చుంటే సాయంత్రమైంది. పదేళ్ళ కిందటి నుంచి, ముప్పై ఏళ్ళ కిందటి నుంచి, అందరిదీ అదే మాట. ఎల్లొత్తాను, ఎల్లొత్తానర్రా, మరి ఎల్లొత్తాం. ప్రతిదాని ఎదురుగా "తిరిగివచ్చెను" అని ఉంది. నాకు ఖాళీ ఒక్కటీ కనబడలేదు.

అప్పుడు నాన్న పేరు వెతికాను. పదకొండేళ్ళ క్రితం గని కూలిన రోజు. పొద్దున "ఎల్లొత్తాను" అని ఉంది. ఎదురుగా ఖాళీ ఉంటుందనుకున్నాను. లేదు. సాయంత్రం తలుపు "ఎవరు వారు?" అంది. కింద అమ్మ గొంతు: "బెవర రామినాయుడు. తెచ్చినాం." దాని కింద "తిరిగివచ్చెను."

పుస్తకం మూసి చాలాసేపు ఏడ్చాను. తర్వాత కళ్ళు తుడుచుకుని ఇంకొకటి వెతికాను. గుమ్మం దగ్గర "వెళ్తున్నాను" అన్నవాళ్ళు మా వీధిలో ఎందరు? ముప్పై ఏళ్ళలో ఒక్కరూ లేరు.

దుమ్ము నెల, పన్నెండో రోజు

పాత గనికి తీగ ఫోను ఒకటుంది. రోజుకి ఐదు నిమిషాలు, పక్కన కాపలావాడు వింటూ ఉంటాడు. అమ్మకి సంగతి చెప్పాను.

"నానేటన్నానే? అందరూ అన్నదే అన్నాను," అంది. తర్వాత పకపకా నవ్వింది. గాలి పొదుపుగా వాడుకోవాలి, నవ్వకే అన్నాను.

"అయితే ఆ తలుపు మాకోసం ఉందన్నమాట."

"ఉంది. మీరొస్తే తెరుస్తుంది. గోళ్ళు అడుగుతుందేమో మాత్రం తెలియదు. నిన్న అక్కడ కూడా అద్దం బిగించారు."

"అయితే దొరికి సెప్పు."

"ఏం చెప్పను?"

"ఇదే. తలుపికి గడియ ఎందుకు పడ్డంలేదో సెప్పు. పందొమ్మిదో రోజు పొద్దున్న పదిగంటలకి పెద్ద తలుపు కాడకి ఒస్తామని సెప్పు. తొడుగులు మాత్రం తీసీది లేదని కూడా సెప్పు."

"పిచ్చా నీకు? చెబితే ఆ మాట అర్థం మార్చేయమంటాడు. గడియ పడిపోతుంది. సరుకు తలుపుకి మీరెలాగూ రారు. గాలి అయిపోతుందే అమ్మా!"

"ఇరవైన మందుల నౌకొస్తాది గదా. గడియ పడకపోతే అదొచ్చి ఈ తలుపికెలాగ ఆన్తాది? ఎగువోళ్ళ పిల్లలికీ మన పిల్లలికీ అవే మందులు. అందుకే ముందురోజే ఒచ్చీడం. దొంగతనంగా ఒస్తే అది రాడం కాదు, దూరడం. సెప్పీ."

ఐదు నిమిషాలు అయిపోయాయి.

దుమ్ము నెల, పదమూడో రోజు

చెప్పాను.

వెరిక్ దొర కోప్పడతాడనుకున్నాను. ముందుకి వంగి విన్నాడు. రెండుసార్లు మళ్ళీ చెప్పమన్నాడు.

"నీ భాషలో పోవుట అను మాటయే లేదా?" అంది పెట్టె.

"ఉందండి. వెళ్తాను, వెళ్తున్నాను అని వ్యాకరణంలో ఉంది. గుమ్మం దగ్గర లేదు."

"ఎందుచేత?"

"అంటే తిరిగిరారని భయం. ఎవరైనా పొరపాటున అంటే, పెద్దవాళ్ళు ఆపి సరిచేస్తారు. వెళ్తాననకూడదు, వెళ్ళొస్తాననాలి అంటారు."

ఆయన ఆ మాటని తన నోటితో పలికి చూశాడు. "వెల్. లొస్. తాను." పెట్టె దాన్ని మళ్ళీ తెలుగులోకి మార్చబోయి తికమకపడింది. ఒక్క క్షణం ఆయన మొహంలో నాకు నా మొహమే కనిపించింది. ఏదైనా విప్పి చూడాలనే దురద ఆయనకీ ఉంది.

తర్వాత నిటారుగా కూర్చున్నాడు. "అయినచో అది భయము వలన పలుకు మాట. దాని అర్థము పోవుట మాత్రమే. పుస్తకములో అట్లే మార్చుము. నీ గొంతుతో ఖాయము చేయుము."

"మార్చలేనండి."

"నీవు ఉద్యోగివి."

"మాటకి అర్థం చెప్పడమే నా ఉద్యోగమండి. ముప్పై ఏళ్ళ పుస్తకాలు చూశాను. ఆ మాట అన్నవాళ్ళంతా వచ్చారు. నడిచి రానివాళ్ళని మోసుకొచ్చారు. మా నాన్నని అలాగే తెచ్చారు. అది రావడం కాదని నేను చెబితే అబద్ధమవుతుంది."

నీ వీధిలో ఇంకా ఆరువందల గొంతులున్నాయి అన్నాడు చివరికి. నిజమే, ఉన్నాయి. అందులో ఒక గొంతు నాకూ గుర్తొచ్చింది.

దుమ్ము నెల, పదిహేనో రోజు

గవరయ్య మావని పిలిపించారు. ఆయన వెళ్ళడం దిగువ వీధంతా చూసింది. తలంటుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని మరీ వెళ్ళాడు. అయిపోయింది, ముసలాడు మా అమ్మ గాలి తీసేస్తాడు అనుకున్నాను. నన్ను కూడా గదిలో నిలబెట్టారు, పుస్తకం తెరవడానికి.

దొర చాలా మర్యాదగా కూర్చోబెట్టాడు. "నీవు కేవలము వెళుతున్నాను అని పలుకుము. వెళ్ళొస్తాను అనినను అదియే అర్థమని చెప్పుము. అంతియే."

మావ గొంతు సవరించుకున్నాడు. "ఎల్..." అన్నాడు. ఆగాడు. నీళ్ళు తాగాడు. మళ్ళీ "ఎల్..." అన్నాడు. మా అమ్మ మొహం గుర్తొచ్చిందో, సరుకు తలుపు బాదిన గంట గుర్తొచ్చిందో, ఉన్నట్టుండి చెంపలు వేసుకున్నాడు.

"తప్పు తప్పు. బయటున్నోళ్ళ గురించి అలగనకూడదు బాబూ. నా సెల్లెలు బయటుంది."

"ఇది ఒక మాట మాత్రమే," అంది పెట్టె.

"అవును బాబూ, మాటే. ఇంకేటుంది మా కాడ?" మావ లేచి నిలబడ్డాడు. దొర ముందు ఎప్పుడూ వంగే నడుం వంగలేదు. "నాను గోరు సూపించినాను, ఏటీ అరగలేదు. గానీ ఆ తలుపు నాకోసం ఆగలేదు. అసిరి కోసం ఆగింది, ఆగనీయండి." గుమ్మం దాకా వెళ్ళి, అలవాటు చొప్పున వెనక్కి తిరిగాడు. "మరి ఎల్లొత్తాను బాబూ."

నవ్వకూడదని పెదవి కొరుక్కున్నాను. దొర వైపు చూస్తే ఆయనా కొరుక్కుంటున్నాడు.

ఆ తర్వాత ఇంకో పదకొండుమందిని పిలిచారు. ఒక్కరూ అనలేదు.

దుమ్ము నెల, పందొమ్మిదో రోజు

పదిగంటలన్నారు. తొమ్మిదికే రెండు వీధులూ తలుపు దగ్గరికొచ్చేశాయి. దిగువవాళ్ళు ఒక పక్క, ఎగువవాళ్ళు ఒక పక్క. దొర అద్దం పక్కన నిలబడ్డాడు, వెనక కాపలావాళ్ళు.

నా కళ్ళు గాలి లెక్క మీదే ఉన్నాయి. నిన్న సాయంత్రం ఫోనులో జవాబు లేదు. తీగ తెగిందో, మనుషులే లేరో తెలియదు. రాత్రంతా తలుపు గంటకోసారి పిలవడం మా ఇంట్లోకి వినబడుతూనే ఉంది.

పదిగంటలకి "ఎవరు వారు?" అంది తలుపు. జవాబు లేదు. మామూలుగా అయితే మళ్ళీ గంట ఆగుతుంది. నేను మీట పట్టుకుని, దేవుడా ఆగకు ఆగకు అనుకున్నాను. ఏ దేవుడితో అంటున్నానో నాకే తెలియదు. బయట ఏదో గీసిన చప్పుడైంది.

"ఎవరు వారు?"

"నానే," అంది అమ్మ.

మనూళ్ళో ఏ తలుపు కొట్టినా అంతే కదా. పేరు చెప్పరు, నంబరు చెప్పరు. నేనే అంటారు, లోపలివాళ్ళు గుర్తుపట్టాలి. తలుపు గుర్తుపట్టింది. గదిలోకి పదిమందీ ఒకర్నొకరు పట్టుకుని వచ్చారు. ఎర్ర దుమ్ములో ఎవరు ఎవరో తెలియడం లేదు.

"అద్దము కింద గోళ్ళు చూపుడు," అంది తలుపు. ఉత్తర్వు దాని చేత అలా అనిపిస్తోంది, గోళ్ళు చూసేదాకా గదిలోకి గాలి వదలనివ్వడం లేదు. పదిమందీ తొడుగుల చేతులు ముడుచుకుని నిలబడ్డారు. మళ్ళీ అడిగింది. ఎవరూ కదల్లేదు. మూడోసారి అడిగింది. అమ్మ చొక్కా మీద గాలి ముల్లు ఎర్రగీత దాటడం తలుపుకున్న కిటికీలోంచి నాకు కనబడుతోంది. మీట నొక్కినా లాభం లేదు, తలుపు తనంతట తాను ఒప్పుకోవాలి. నేను దొర వైపు చూశాను. ఆయన కూడా ఆ ముల్లునే చూస్తున్నాడు. ఆయన నోరు తెరిచాడు గానీ ఏం చెప్పబోయాడో తెలిసేలోపే తలుపు మాట్లాడింది.

"వచ్చెదమని చెప్పి పోయినవారు వచ్చిరి. గాలి తక్కువగా నున్నది. లోనికి దయచేయుడు."

తెరుచుకుంది. కాపలావాళ్ళు దొర వైపు చూశారు. దొర పక్కకి తప్పుకున్నాడు. పదోమనిషి లోపలికి రాగానే వెనక ఠక్కున గడియ పడింది. పది రోజుల తర్వాత ఆ చప్పుడు విన్నాను.

అమ్మ తల తొడుగు తీసి మొదట నన్నడిగింది, "ఆరోజు ఎల్లిరా అనలేదేటే?" అని. నేను ఏడుస్తూ "వెళ్ళిరా" అన్నాను. "ఇప్పుడేటంటావు, ఒచ్చీసినాక," అని నెత్తి మీద ఒకటి వేసింది.

దుమ్ము నెల, ఇరవయ్యారో రోజు

ఇరవైన నౌక సరిగ్గా ఆనింది, మందులు దించి తలుపు దగ్గర్నుంచి అవతలికి జరిగింది. ఇరవయ్యొకటో తేదీ పొద్దున దిగువ వీధి మొత్తం పెద్ద తలుపు ముందు వరసకట్టింది. ముందు గవరయ్య మావ. "ఎల్లొత్తాను" అన్నాడు తలుపుతో, గట్టిగా, చెవిటివాడితో అన్నట్టు. కాపలావాళ్ళు ఆపుతారేమో అని చూశాం. ఆరువందలమందిని మొయ్యాలంటే ఎంతమంది కావాలో వాళ్ళకీ తెలుసు. సాయంత్రం తిరిగొచ్చారు, తొడుగులతోనే. అద్దం ముందు ఆరువందలమందీ నిలబడితే తలుపు ఒక్కొక్కరినీ మూడుసార్లు అడిగి, చివరికి దయచేయుడు అనేసరికి ఎగువవాళ్ళ భోజనాల వేళ దాటిపోయింది. వాళ్ళూ ఆ తలుపులోంచే రావాలి మరి. వరసలో మా వెనక నిలబడ్డారు. కొందరు తిట్టారు. ఒకావిడ మాత్రం మాకు తోడుగా తన తొడుగులు కూడా తియ్యకుండానే నిలబడింది.

ఐదు రోజులిలా జరిగింది. ఇవాళ ఉత్తర్వు చింపేశారు. అద్దం విప్పమని నాకే చెప్పారు. నాలుగు మరలు. ఒకటి తుప్పుపట్టి రాకపోతే నాచునూనె వేశాను.

సరుకు తలుపుకి కూడా చెవి పెట్టాలని అర్జీ రాస్తున్నాను. ఎప్పుడైనా ఎవరైనా అటునుంచి వెళ్ళాల్సొస్తే?

దుమ్ము నెల, ఇరవైతొమ్మిదో రోజు

వెరిక్ దొరని వెనక్కి పిలిపించారు. నౌక బయలుదేరేది ఇవాళే. సాగనంపడానికి ఎగువ వీధినుంచి ఎవరూ రాలేదు. ఓడిపోయినవాడి పక్కన కనబడటం వాళ్ళకి ఇష్టం లేనట్టుంది. నేను ఉన్నాను, నూనె రాస్తూ.

ఒక పెట్టె పట్టుకుని తలుపు ముందు నిలబడ్డాడు. మెడలో మాటపెట్టె లేదు. ఊరి సొత్తు కదా, ఇచ్చేసినట్టున్నాడు. నన్ను చూసి తల ఊపాడు. తన భాషలో ఏదో చెబుతాడనుకున్నాను. ఆయన చెవి దగ్గరికి వంగి, అక్షరం అక్షరం కూడబలుక్కుని, తెలుగులో అన్నాడు.

"వెళ్తున్నాను."

అని నా వైపు చూశాడు, సరిగ్గా అన్నానా అన్నట్టు. పాపం, ఆ మాట పలకమని అంతమందిని అడిగి అడిగి, ఆయనకి నోటికి వచ్చింది అదొక్కటే.

అలా అనకూడదండీ, వెళ్ళొస్తాననాలి. నోటిదాకా వచ్చింది. అంటే తలుపు ఆయనకోసం కూడా కాచుకుంటుంది. అమ్మ చొక్కా మీద ముల్లు గుర్తొచ్చింది. మింగేశాను.

తలుపు కాస్త తడబడింది. దానికా మాట ఎవరూ చెప్పి ఎరగరు. తర్వాత తెరుచుకుంది, ఆయన వెళ్ళాడు, మూసుకుంది. ఇంకెవరికోసమూ ఆగనక్కర్లేదు గనక వెంటనే గడియ పడింది.

వెనక్కి తిరిగితే అమ్మ, నా అంబలి గిన్నెతో. ఎప్పుడొచ్చిందో.

"అలగన్నాడేటే ఆ బాబు?"

"ఆయనకి తెలీదమ్మా."

"ఆడికి తెలీదు," అంది అమ్మ, గిన్నె నా చేతిలో పెడుతూ. "నీకు తెలుసు గదే."